తండ్రి ఉండగా తలకాయ కోసినవాడు

సెరాలికి సంతోషంగా ఉండటం నలభై రోజుల్లో వచ్చేసింది. మామూలు మనుషులకు ఒక జన్మ చాలని విద్య అది. అతను మాత్రం ఫోనులో పాఠాలు విని, చివర్లో అల్మాటి నగరానికి వెళ్ళి రెండు రోజులు ఒక హాల్లో చప్పట్లు కొట్టి, అంచుకు బంగారు గీత ఉన్న పత్రం పుచ్చుకుని తన ఊరు తెరెక్తికి తిరిగొచ్చాడు. దాన్ని గోడ మీద తల్లి ఫోటో పక్కన తగిలించాడు. అక్కడ అప్పటికే మూడు పత్రాలున్నాయి. ఒకటి తనను తాను జయించినందుకు, ఒకటి తెల్లవారుజామున లేచినందుకు, మూడోది దేనికిచ్చారో అతనికే గుర్తులేదు.

వయసు నలభై ఏడు. ఉద్యోగం పశువుల ఆసుపత్రిలో గొర్రెల చెవులకు నంబరు బిళ్ళలు వెయ్యడం. వేల చెవులు పట్టుకున్నాడు గానీ, తన చెవిన పడ్డ మాటను లోపలికి పోనిచ్చిన పాపాన పోలేదు. ఒక నోటుబుక్కు పెట్టి, దానిమీద "ఈ రోజు నేను నేర్చుకున్నది" అని రాసి, రోజుకో వాక్యం ఎక్కించేవాడు. ఒకరోజు "నేను నదిని" అని రాశాడు. ఇంకోరోజు "నా మనసు ఒక తోట" అని రాశాడు. వాళ్ళకు తోట లేదు, బంగాళాదుంపల మడి ఉంది. దానికి నీళ్ళు పెట్టేది అతని భార్య బాల్జాన్.

అదే ఇంట్లో సెరాలి తండ్రి దుయ్సెన్ ఉండేవాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. కంటికి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుపడిందని సంబరపడి, ఇన్నేళ్ళూ రాని పని ఒకటి నేర్చుకోవాలని కూర్చున్నాడు. ఎనిమిది తోలు పేటలతో కొరడా అల్లడం. జీన్లు కుట్టే మనిషి దగ్గరికి రోజూ కుంటుకుంటూ వెళ్ళి, చూసి, వచ్చి అల్లేవాడు. తప్పు పోయేది. విప్పేవాడు. పదకొండుసార్లు విప్పాడు. పన్నెండోసారి అల్లిక చివరిదాకా సరిగ్గా వచ్చినప్పుడు వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చూపించి, ఇంటికొచ్చి రెండు గిన్నెల టీ ఎక్కువ తాగాడు. ఆ సంతోషానికి ఎవరూ పత్రం ఇవ్వలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, తండ్రిని చూసి నేర్చుకునేది ఉంటుందని సెరాలికి ఏనాడూ తోచలేదు.

ఆ వేసవిలో కొండ కనుమ అవతలి కరసాయ్ ఊరి నుంచి కబురొచ్చింది. దుయ్సెన్ చిన్ననాటి స్నేహితుడు మౌలెన్‌కు ఎనభై ఏళ్ళు నిండాయట, విందుకు రమ్మన్నారట. ఆ ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఒక పందెంలో మౌలెన్ బూడిదరంగు గుర్రాన్ని దుయ్సెన్ పదిమందిలో గాడిద అన్నాడు, అంతే. కబురు కూడా మౌలెన్ ఇంటివాళ్ళు పంపిందే తప్ప అతను పంపింది కాదు. అయినా ముసలాయన రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారేసరికి మోకాలు మరీ వాచింది, కనుమ దాటే ప్రయాణం కుదరదు. కొడుకును పిలిచాడు.

"ఒరే సెరాలీ, నువ్వెళ్ళిరా. ఈ కొరడా వాడి చేతిలో పెట్టు. పెట్టి ఒక్క మాట చెప్పు. ఆ గుర్రం గుర్రమే, నేనే గాడిదనని మా నాన్న చెప్పమన్నాడని చెప్పు. అంతకుమించి నోరు తెరవకు."

"అదేం మాట నాన్నా. మనల్ని మనం తక్కువ చేసుకోకూడదు."

"నేను తక్కువ చేసుకుంటోంది నన్నురా. మధ్యలో నీకేం పోయింది?"

బాల్జాన్ రొట్టెల పిండి పిసుకుతూ అంది. "మర్చిపోతారేమో, బుక్కులో రాసుకుపోండి. నదికీ తోటకీ మధ్య కాస్త చోటుంటుంది."

సెరాలి రాసుకోలేదు.

కరసాయ్‌లో పెద్ద విందు. మౌలెన్ కొరడా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానితోపాటు మాటేదైనా వస్తుందేమోనని ఆగాడు. ఆ మాట తన నోట పలికితే ఇంటి పరువు పోతుందనీ, చెడు మాట పలికిన నోట సంతోషం నిలవదనీ సెరాలి దారిలోనే తేల్చుకున్నాడు. బదులుగా లేచి నిలబడి, మనిషి రోజురోజుకీ ఎలా ఎదగాలో అరగంట చెప్పాడు. గుర్రాల కాపర్లు, ముసలివాళ్ళు, కోడళ్ళు అందరూ మర్యాదగా విన్నారు. మాంసం చల్లారింది.

మౌలెన్ పౌరుషం గల మనిషి. "మీ నాన్న ఎలా ఉన్నాడు" అని తన నోటితో అడగడు. అడక్కుండా తెలుసుకునే దారి ఒకటుంది. ఉడికించిన గొర్రె తలకాయ పళ్ళెం వచ్చినప్పుడు, దాన్ని సెరాలి ముందు పెట్టమని సైగ చేశాడు. తండ్రి బతికున్నవాడు ఆ తలకాయ మీద కత్తి పెట్టడు. "మా నాన్న ఉన్నాడు" అని పళ్ళెం పెద్దవాళ్ళ వైపు జరుపుతాడు. అక్కడ ఐదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది.

సెరాలికీ తెలుసు. తెలియక చేశాడంటే కాస్త జాలైనా పడొచ్చు. కానీ పదిహేడో పాఠంలో చెప్పారు, గౌరవం నీ ముందుకొస్తే వెనక్కి నెట్టకు, పాత సంకెళ్ళు తెంచుకో అని. తెంచుకున్నాడు. కత్తి తీసి ముందు దవడ కోశాడు.

మౌలెన్ టీ గిన్నె కింద పెట్టి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. కాసేపటికి అతను రెండు అరచేతులూ పైకెత్తి ఏదో ప్రార్థన గొణిగాడు. అది ముగిశాక అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. తన అభివృద్ధి కోసమే ప్రార్థించారనుకున్నాడు సెరాలి. ఒక ముసలమ్మ వచ్చి తల నిమిరితే, తన ఉపన్యాసం ఆమె గుండెకు తగిలిందనుకున్నాడు. విందు నడుమ చావు మాట ఎత్తరు. అలాంటి విషయం ఫోనులోనూ అడగరు. పోయినవాడి ఇంటికి వెళ్ళి ఏడవాలి, అదీ పద్ధతి.

ఇంటికొచ్చాక తండ్రి గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"చెప్పావా?"

"బ్రహ్మాండంగా జరిగింది నాన్నా. నన్ను చాలా గౌరవించారు."

"నీ గౌరవం కాదురా. మాట చెప్పావా?"

"దాని సారాంశం చెప్పాను."

"ఏమన్నాడు?"

"కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు." ఇది మాత్రం నిజమే.

దుయ్సెన్‌కు అది చాలింది. మర్నాటి నుంచి బయట బల్ల మీద కూర్చుని కనుమ దారి వైపు చూడటం మొదలుపెట్టాడు. మూడు రోజులు చూశాడు. బాల్జాన్ మాటిమాటికీ టీ తెచ్చిస్తూ, మామగారి మొహం చూసి, మొగుడి మొహం చూసి, ఏదో తేడాగా ఉందనుకుంది.

నాలుగో రోజు దుయ్సెన్ విసిగి, కొట్టంలో జీను బాగుచేసుకుంటుండగా రెండు జీపులు వచ్చి ఆగాయి. అందులోంచి పదిమంది మగవాళ్ళు దిగి, కర్రల మీద వంగి, గేటు దగ్గర్నుంచే గొంతెత్తి ఏడుస్తూ నడిచారు. ముందు మౌలెన్.

"ఓయ్ నా తమ్ముడా! నన్ను పిలవకుండానే పోయావా! పంతొమ్మిదేళ్ళు పంతం పట్టానురా! ఆ బూడిదరంగు గుర్రం నిజంగానే గాడిదరా! మూడు కాళ్ళ మీద కుంటేది! ఆ రోజే తెలుసురా నాకు, పదిమందిలో ఒప్పుకోలేకపోయాను!"

బాల్జాన్ పిండి చేతులతో బయటికి పరుగెత్తుకొచ్చింది. ఎవరు పోయారో అర్థంకాక కొట్టం వైపు చూసింది. కొట్టం తలుపు సందులో దుయ్సెన్ నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని, చెప్పనీ అన్నట్టు తల ఊపాడు. మౌలెన్ ఇంకా చాలా చెప్పాడు. దొంగతనంగా తిన్న పుచ్చకాయల దగ్గర్నుంచి ఒకే పిల్లను ఇద్దరూ చూసిన సంగతిదాకా వచ్చి, ఊపిరందక ఆగాడు.

అప్పుడు దుయ్సెన్ కుంటుతూ ఎండలోకి వచ్చాడు. "మౌలెన్, ఆ గుర్రం గుర్రమేరా. గాడిదను నేను. ఆ మాటే చెప్పి పంపాను."

మౌలెన్ ఉన్నచోటే చతికిలబడ్డాడు. తర్వాత లేచి, నడుముకున్న ఆ ఎనిమిది పేటల కొరడా తీసి స్నేహితుడి భుజం మీద ఒకటి వేశాడు. "నువ్వు బతికే ఉన్నావురా? మరి నీ కొడుకు మా ఇంట్లో తలకాయ కోశాడేం?"

అప్పటిదాకా నవ్వుతున్న దుయ్సెన్ మొహం మాడిపోయింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు తిరిగాడు.

"నేనుండగానేనా?"

"నాన్నా, అది పదిహేడో పాఠంలో…"

"మాట చెప్పావా, లేదా?"

"లేదు నాన్నా."

సెరాలికి ఆ పూట సిగ్గేసింది. నోటుబుక్కులో ఏ పేజీలోనూ లేని సిగ్గు. తండ్రి మూడు రోజులు దారి చూసింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ బల్ల వైపు చూడలేకపోయాడు.

"ముక్క మాంసం కోసం నన్ను పాతిపెట్టి వచ్చావన్నమాట" అన్నాడు దుయ్సెన్ మెల్లగా.

చావింటికని మౌలెన్ వాళ్ళు జీపులో తెచ్చిన గొర్రెను వెనక్కి తీసుకుపోవడం బాగుండదని, దాన్నే కోసి వండారు. మధ్యాహ్నానికి తలకాయ పళ్ళెం వచ్చింది. ఇంటికొచ్చిన పెద్ద గనక మౌలెన్ ముందు పెట్టారు. అతను ఒక చెవి కోసి పక్కింటి చిన్నపిల్లకిచ్చాడు. చెవి పిల్లల వాటా, చెప్పిన మాట వింటారని పెడతారు. రెండో చెవి కోసి పట్టుకుని, ఎవరికి అన్నట్టు స్నేహితుడి వైపు చూశాడు.

"వాడికి" అన్నాడు దుయ్సెన్.

నవ్వు ఆపుకోలేక బాల్జాన్ టీ కెటిలు తీసుకుని బయటికి పోయింది. తనను చిన్నబుచ్చేదేదీ స్వీకరించవద్దని ఏదో పాఠంలో ఉంది, ఎన్నోదో సెరాలికి గుర్తురాలేదు. రెండు చేతులూ చాచి చెవి తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు. దుయ్సెన్ ఆ కొరడానే అందుకుని ఎనిమిది పేటలూ ఎక్కడ ఒకదాని మీదకొకటి ఎక్కుతాయో స్నేహితుడికి చూపిస్తున్నాడు. ఎక్కడ పదకొండుసార్లు తప్పాడో చెప్పి పగలబడి నవ్వుతున్నాడు. సెరాలి మొదటిసారి వంగి చూశాడు.

"నాన్నా, ఆ రెండో పేట…"

"ముందు నోట్లోది నమలరా" అన్నాడు దుయ్సెన్ తలెత్తకుండా. "నోరు ఖాళీ అయితే నువ్వు వినవు."

చెవి సరిగ్గా ఉడకలేదు. నమలడానికి చాలాసేపు పట్టింది.