ఉప్పెక్కిన పెరడు

మా అత్తయ్యగారికి కళ్ళలో నీటికాసులొచ్చి చూపు పూర్తిగా పోయిన ఏడాది నేను చాలా భయపడ్డాను. తెల్లారి లేస్తే కాఫీ కూడా తాగకుండా పెరట్లోకి వెళ్ళే మనిషి, ఇక మంచానికి అతుక్కుపోతారేమో అనుకున్నాను. నెల తిరక్కుండానే ఆవిడ నన్ను పిలిచి కొబ్బరితాడు తెమ్మన్నారు. వెనక వసారా స్తంభం నుంచి పెరటి చివర కంచె దాకా కట్టించుకున్నారు. వంగమడి దగ్గర ఒక ముడి, బెండమొక్కల దగ్గర రెండు, చిక్కుడు పందిరి దగ్గర మూడు, కనకాంబరాల దగ్గర ఓ పాత గుడ్డపేలిక. ఆ తాడు పట్టుకుని నడుస్తూ, కళ్ళున్న నాకు కనబడని పురుగుని ఆవిడ వేళ్ళతో పట్టేవారు.

మాది ఉప్పలగుప్తం దగ్గర, సముద్రానికి మరీ దూరం కాని ఊరు. నేను మాత్రం కొత్తపేటలో మేడమీద అద్దెవాటాలో పెరిగినదాన్ని. పెళ్ళయి వచ్చేనాటికి తోటకూర నారుకీ గడ్డికీ తేడా తెలియదు. ఒకరోజు కలుపు తీస్తున్నాననుకుని కొత్తిమీర మడంతా పీకేశాను. అత్తయ్యగారు వచ్చి చూసి, పీకినదంతా ఒళ్ళోకి ఏరుకున్నారు. తర్వాత, "పోనీలేమ్మా, లేత కొత్తిమీర కదా, పచ్చడి బావుంటుంది" అన్నారు. ఆ మధ్యాహ్నం అందరం కొత్తిమీర పచ్చడే తిన్నాం. ఎందుకంత చేశారని మావారు అడిగితే, తనకి తినాలనిపించిందని చెప్పేరావిడ.

నాకు పెరటి పని నేర్పింది ఆవిడే. మృగశిర కార్తె రాగానే బీర, ఆనప, పొట్ల గింజలు. వానలు ముదిరేసరికి గోంగూర, బెండ. దసరా వెళ్ళాక వంగనారు, టమాటా, కొత్తిమీర, బంతి. చలి మొదలైతే పందిరి నిండా చిక్కుడు గుత్తులు, గోడవారన చేమంతులు, డిసెంబరాలు. ఎండలు ముదిరితే బచ్చలి, దోస, మల్లెలు. మరువం, కరివేపాకు ఎప్పుడూ ఉండేవి. మా పెరట్లో ఖాళీ నెలంటూ ఉండేది కాదు. నేను బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి అలసిపోయి వచ్చేసరికి, ఆవిడ వసారాలో కూర్చుని, కోసిన కూరలు ఒళ్ళో పోసుకుని తడుముతూ ఉండేవారు. ఏది కూరకి, ఏది పులుసుకి, ఏది పొరుగింటికి అన్నది ఆ తడమడంలోనే తేలిపోయేది.

పెరటి కంచె అవతల మా మరిదిగారి చేను. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆయన వాటాకి వచ్చింది. మురుగుకాలువ పూడిపోయి ఏటా తొలి పంట నీళ్ళపాలయ్యేది. ఒక ఏడు నేనే చూశాను, కోతకొచ్చిన వరి పన్నెండు రోజులు నీళ్ళలో నానితే, ఆయన మోకాల్లోతున నిలబడి మొలకెత్తిన కంకుల్ని చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కళ్ళే వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వుకున్నారు. చివరికి ఆయన చేను ఒక్కటే మిగిలింది.

ఒకరోజు పొద్దున్న ఆయన వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నారు.

"అటూ ఇటూ తవ్వేసేరమ్మా. మధ్యలో నా చేనొక్కటే ఉంది. ఇంక వరి పండదు" అన్నారు.

ఆవిడ, "పెరటికి ఎంత దూరంలో తవ్వుతావురా?" అని అడిగారు.

"పది గజాలు వదిలేస్తాను. మధ్యలో కందకం తీయిస్తాను. ఉప్పు ఇటు రాదమ్మా."

"సర్లే. నీ చేను, నీ కష్టం."

నేను వంటింట్లోంచి అంతా విన్నాను. ఉప్పు నేలలో ఎలా పాకుతుందో నేను బడిలో పిల్లలకి చెప్పే పాఠంలోనే ఉంది. ఆ మాట బయటికొచ్చి చెప్పాలనుకున్నాను. అన్నదమ్ముల మధ్య వదిన నోరు పెట్టిందంటారని ఊరుకున్నాను. వద్దంటే ఆయన బతుకుదారి ఏమిటో కూడా నాకు తెలియదు. అయినా చెప్పి ఉండాల్సింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ వంటింటి గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోతాయి.

మొదటి ఏడాది ఏమీ కాలేదు. ఆయన అన్నమాట ప్రకారం కందకం తీయించారు. వానలకి అది పూడితే మళ్ళీ తీయించారు. రెండో ఏడు తీయించలేదు. ఆ చలికాలంలో అత్తయ్యగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించాం గానీ, ఆవిడ మళ్ళీ నడవలేదు. వెనక వసారాలో మంచం వేశాం. అక్కడైతే పెరటి గాలి తగులుతుందని ఆవిడే అడిగారు.

ఆ ఎండాకాలంలో బచ్చలి ఆకుల అంచులు మాడడం చూశాను. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకా పోశాను. నేను పోసేది మా బోరునీళ్ళే. అవి రుచి మారి ఉప్పనయ్యాయని నాలుగు వారాలకి గాని నా నాలుకకి తెలియలేదు. అప్పటికి మడుల మీద తెల్లగా పొర కట్టింది. చిక్కుడు ముందు పోయింది. తర్వాత కనకాంబరాలు. నా పెళ్ళినాటికే గుమ్మమంత ఎత్తున్న కరివేపచెట్టు ఆకంతా రాల్చేసి, పుల్లలు పుల్లలుగా నిలబడింది.

మృగశిరకి పొట్లగింజలు పెట్టాను. మొలిచి జానెడు సాగాయి. ఒక పొద్దున్న చూస్తే ఎండిపోయి ఉన్నాయి. వాటిని పీకి చేతిలో పట్టుకుని వసారా ఎక్కేసరికి, అత్తయ్యగారు నా అడుగుల చప్పుడు విని, "పొట్లపాదు పందిరెక్కిందా అమ్మా?" అని అడిగారు.

"ఎక్కిందండి" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నిజం చెబితే ఆ మాట ఆవిడ దగ్గర ఆగదు, చిన్నకొడుకు దాకా వెళ్తుంది. కొడుకు చేసిన పనికి తల్లి పెరడు పోయిందన్న సంగతి మంచంలో ఉన్న మనిషికి ఎలా చెప్పను? ఆ సాయంత్రం అమలాపురంలో పనిచేసే మావారికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు బజార్లో కూరలు తెమ్మన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. పెరడు ఆయనా చూస్తూనే ఉన్నారు.

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే బజారు కూరల్ని నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో కాసేపు ఉంచి, తాజా వాసన వచ్చాక ఆవిడ ఒళ్ళో పోసేదాన్ని. పూలు విడిగా కొనిపించి తెచ్చేదాన్ని. ఆవిడ మాల కట్టేవారు. పక్కన కూర్చుని నేను పెరడు చెప్పేదాన్ని. ఈరోజు బీరపూత పడింది, ఆనపపిందెలు రెండు కనిపించాయి, వంగకి పేనుబంక పడితే బూడిద చల్లాను, చేమంతి మొగ్గ తొడిగింది. ఏ నెలలో ఏది పూయాలో, ఏది కాయాలో ఆవిడ నేర్పిన చదువే కాబట్టి ఎక్కడా తప్పేదాన్ని కాదు. మధ్యలో ఆవిడ ప్రశ్నలు వేసేవారు. గోడవార బెండ గిడసబారలేదు కదా? మరువం తలలు తుంచావా? బడిలో పిల్లలు లెక్కలు చేసుకుంటూంటే, రేపు ఏం పూసిందని చెప్పాలా అని ఆలోచించేదాన్ని. నా మాటల్లో ఆ పెరటికి చీడ పడితే వారంలో తగ్గేది. వాన అవసరమైనప్పుడు వాన పడేది. చెబుతూ చెబుతూ ఒక్కోసారి నాక్కూడా సంతోషం వేసేది. ఆ తర్వాత తలెత్తి చూస్తే తెల్లటి నేల, ఎండిన పందిరి గెడలు, కంచె అవతల చెరువు నీళ్ళకి గాలి పట్టించడానికి గిరగిరా తిరిగే ఏరేటర్లు కనిపించేవి.

ఏడాది పైన ఇలా గడిచింది.

మరుసటి శ్రావణంలో ఒక ఆదివారం మా మరిదిగారు వచ్చారు. ఆయన రావడం బాగా తగ్గిపోయింది అప్పటికి. వచ్చినా ముందు వసారాలోనే కూర్చుని వెళ్ళిపోయేవారు. ఆ రోజు అత్తయ్యగారు ఆయన గొంతు విని వెనక్కి పిలిచి, "నన్నొకసారి పెరట్లోకి ఎత్తుకెళ్ళరా" అన్నారు.

నేను గబగబా అడ్డం వెళ్ళి, వాన పడి బురదగా ఉందండి, జారుతుందండి అన్నాను. "వాడు జారడమ్మా" అన్నారావిడ. మరిదిగారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన వంగి వాళ్ళమ్మని చేతుల మీదకి ఎత్తుకున్నారు. అప్పటికి ఆవిడ బరువే లేరు.

వంగమడి ఉండే చోట దింపమన్నారు. దింపారు. ఆవిడ కూర్చుని చుట్టూ చేతులు చాపి తడిమారు. అటు తడిమారు, ఇటు తడిమారు. చేతికి ఆకు తగల్లేదు. చిన్న మట్టిపెళ్ళ చిదిపి, పులుసులో ఉప్పు చూసినట్టు నాలుక చివర పెట్టుకున్నారు.

ఆయన తలవంచుకుని నిలబడ్డారు.

"చిన్నోడా" అన్నారు అత్తయ్యగారు. "నీ రొయ్యలు బాగున్నాయా?"

ఆయన ఆ ప్రశ్నకి సిద్ధంగా లేరు.

"లేవమ్మా. తెల్లమచ్చ తెగులు తగిలి మొత్తం పోయాయి. రెండోసారి కూడా."

"నాకు చెప్పలేదేరా?"

ఆయన ఆ ఉప్పునేల మీదే కూలబడి తల్లి మోకాలి మీద తల పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. ఆవిడ మట్టిచేత్తోనే ఆయన జుట్టు నిమురుతూ ఉండిపోయారు. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వచ్చేశాను.

ఆ సాయంత్రం కాళ్ళు తుడుస్తూంటే ఆవిడ మెల్లగా అన్నారు. "మన వంకాయ తొడిమకి ముల్లుంటుందమ్మా. ఏడాదయింది, ఒక్కటీ గుచ్చుకోలేదు నాకు."

మరి నన్నెప్పుడూ అడగలేదేమండీ అన్నాను.

"అడిగితే నువ్వు చెప్పడం మానేస్తావు కదా" అన్నారు. కాస్త ఆగి, "బజారునించి తెస్తే తేగానీ, చెప్పడం మాత్రం మానకు" అన్నారు.

నేను చెబుతానన్నాను. మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగాక ఆవిడ మంచం మీద సర్దుకుని, "ఇవాళ ఏం పూసింది?" అని అడిగారు. నేను నోరు తెరిచాను. నిన్నటిదాకా తడుముకోకుండా ఇన్ని పూలు పూయించిన దాన్ని, ఒక్క బీరపువ్వు కూడా పూయించలేకపోయాను. ఇద్దరికీ నిజం తెలిశాక ఆ మాటలు నా గొంతు దాటలేదు. బడికి టైమైపోతోందండీ, సాయంత్రం చెబుతాను అన్నాను. సాయంత్రం ఏదో పని ఉందన్నాను. ఆవిడ మూడునాలుగు రోజులు అడిగారు. తర్వాత అడగడం మానేశారు.

మార్గశిరంలో జ్వరం వచ్చి, వారం రోజుల్లో పోయారు. ఆఖరి రోజుల్లో ఆవిడకి తెలివి సరిగా లేదు. వేళ్ళు దుప్పటి మీద మాత్రం కదులుతూ ఉండేవి, ఆకుల కింద కాయలు వెతుకుతున్నట్టు. అప్పుడైనా పెరడు సంగతులు చెవిలో చెప్పి ఉండొచ్చు. ఎవరూ వినేవాళ్ళు కాదు. నేను చేయి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆవిడ మీద వేసిన పూలన్నీ బజారు నుంచి బుట్టల్లో వచ్చాయి.

మా మరిదిగారు ఆ తర్వాత చెరువు ఎత్తేశారు. గట్టు కొట్టేసి నీళ్ళు వదిలేశారు. వరి వేసినా రాని నేల అది ఇప్పుడు. వ్యవసాయశాఖ వాళ్ళెవరినో తీసుకొచ్చి మా పెరటి మట్టి కూడా చూపించారు. ఉప్పు కడుక్కుపోవాలంటే జిప్సం వేసి, వాననీళ్ళు నిలగట్టి, కింది నుంచి వదిలేస్తూ ఉండాలట. ఏళ్ళు పడుతుందన్నారు. రెండు వానాకాలాలు మేమిద్దరం ఆ పని చేశాం. వాన మొదలవగానే ఆయన పార పట్టుకుని వచ్చేవారు. పెద్దగా మాట్లాడేవారు కాదు. గట్టు తెగిన చోట మట్టి వేసి, నీళ్ళు నిండాక మళ్ళీ తెగ్గొట్టి, తడిసిన బట్టలతోనే వెళ్ళిపోయేవారు. రెండుసార్లు వంగనారు పోస్తే నాలుగాకులేసి మాడిపోయింది.

ఈ ఏడు ఆయన జీలుగ విత్తనాలు తెచ్చారు. ఉప్పుకి ఓర్చుకునే పచ్చిరొట్ట అది. తినడానికి పనికిరాదు, దున్నేసి నేలకి ఇవ్వడానికే. చల్లిన అయిదో రోజు బడి నుంచి వచ్చి చూస్తే పెరడంతా సన్నగా పచ్చ పరుచుకుని ఉంది. నేను చెప్పులు కూడా విప్పకుండా వెనక వసారా దాకా పరుగెత్తుకెళ్ళి, "మొలిచిందండీ" అన్నాను.

మంచం తీసేసి రెండేళ్ళు దాటింది. అక్కడ ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. వాటి కింద కూర్చుని చీకటి పడేదాకా ఏడ్చాను.

మావారు ఇంటికొచ్చాక, జీలుగ మొలిచిందని చెప్పాను. "అలాగా" అని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. కాసేపయ్యాక చూస్తే, ఆయన పెరట్లో నిలబడి ఉన్నారు.