మన్సిక్కీని పిలిచే పాట

రెడ్‌రాక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆట ముగిశాక మైదానం మధ్యలో నిలబడి ఓ పాట పాడుతుంది. రాగి గనుల పనికి ఫిన్లాండ్ నుంచి వలసొచ్చినవాళ్లతో నిండిన ఆ అమెరికా ఊళ్లో దాని గురించి ఎవర్ని కదిపినా ఏదో ఒక కథ చెబుతారు. ఫిన్లాండ్ వీరులు యుద్ధానికి వెళ్తూ పాడిన పాట అంటారొకరు. కాదు, రాగి గనిలో చిక్కుకున్నవాళ్లు పాడుకున్నది అంటారింకొకరు. రెండూ శుద్ధ అబద్ధాలు. అది ఆవుని ఇంటికి పిలిచే పాట. ఆ ఆవు పేరు మన్సిక్కీ. దాన్ని పిలిచిన మనిషి లెంపి లెహ్తోలా. ఆమె మొగుడు అర్వో ఆ కాలేజీలో ఆటగాళ్ల బట్టలు ఉతికేవాడు.

ఉతకడమొక్కటే కాదు. చిరిగిన జెర్సీలు కుట్టడం, భుజాలకు కట్టుకునే దిళ్లు అతికించడం, బూట్ల కింద మేకులు బిగించడం, అన్నీ అతని పనే. ఇరవై రెండేళ్లు చేశాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాగుడు ఎక్కువైనట్టే. లెంపి కూడా పెద్ద మాటకారి కాదు గానీ పాడేది. పొద్దు వాలేసరికి పెరటి మెట్టు మీద నిలబడి, పొదల్లో మేసే ఆవుని వాళ్ల ఫిన్నిష్ భాషలో పిలిచేది: "రా మన్సిక్కీ రా, చలి దిగుతోంది, దూడ అరుస్తోంది, గంట మోగిస్తూ ఇంటికి రా."

ఆవు ముసలిదై చచ్చిపోయాక ఆ పాట అర్వోని పిలవడానికి మిగిలింది. శనివారం ఆట రోజు, ఆవిరిస్నానం రోజు కూడా. లెంపి పెరట్లోని ఆవిరి గదిలో రాళ్లు కాల్చి సిద్ధంగా ఉంచేది. ఈయనగారు మాత్రం బురద బట్టల దగ్గర తాత్సారం చేసేవాడు. బట్టల గది కిటికీకి ఎదురుగా సందు, సందు అవతల ఇల్లు. ఆమె మెట్టు మీద నిలబడి ఆ బాణీలోనే పిలిచేది.

"ఆవుకీ నాకూ ఒకటే పాటా?" అని ఓసారి అలిగాడు.

"ఒకటే ఎలా అవుతుంది? ఆవు మొదటి చరణానికే వచ్చేసేది. నీకోసం రెండోది కట్టాల్సొచ్చింది," అంది లెంపి.

రెండో చరణంలో ఆవు లేదు, దూడా లేదు. అందులో ఉన్నది అర్వో పేరు.

1957 ఫిబ్రవరిలో లెంపి ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. ఆ ఊళ్లో చలికాలం పోయినవాళ్లందరిలాగే ఆమె కూడా మంచు కరిగేదాకా చర్చి వెనక కొట్లో, శవపెట్టెలో ఆగాల్సి వచ్చింది. పూడ్చింది మే నెలలో. ఆ మూణ్ణెల్లూ అర్వో పనికి వెళ్తూ ఆ కొట్టు ముందు నుంచే నడిచేవాడు. ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆగితే మళ్లీ కదలలేనని అతనికి తెలుసు.

సెప్టెంబర్‌లో మొదటి ఆట. జట్టు ముప్పై నాలుగు సున్నాతో చిత్తుగా ఓడింది. పక్క గదిలో ఆటగాళ్లు కిక్కురుమనకుండా కూర్చున్నారు. అర్వో తొట్టిలో జెర్సీలు నానబెడుతున్నాడు. ఆ వేళకి కిటికీలోంచి పిలుపు రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో తెలిసి కూడా కాసేపు కిటికీ వైపు చూశాడు. ఆ తర్వాత తనకి తెలియకుండానే తనే ఎత్తుకున్నాడు. మొదటి చరణం వరకే. రెండోది ఎత్తుకోలేకపోయాడు. తనని తను ఎలా పిలుచుకుంటాడు?

తల తిప్పితే గుమ్మంలో జట్టు నాయకుడు ట్రెవారో, గుమ్మమంత మనిషి, నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం పాట పెద్దాయనా అది?"

"పాత పాట."

"మళ్లీ పాడవూ? మావాళ్లు వింటారంట."

అర్వోకి కాదనడం చేతకాదు. కాదనాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్పాలంటే బోలెడు మాటలు కావాలి. పాడాడు.

తర్వాతి శనివారం జట్టు గెలిచింది. నలభై మంది మైదానం మధ్యలో చేరి, హెల్మెట్లు తొడలకేసి బాదుతూ, గొంతులు చించుకుని అదే పాట ఎత్తుకున్నారు. మన్సిక్కీ ఎవరో, ఆ మాటలకి అర్థమేమిటో ఒక్కడికీ తెలియదు. ప్రత్యర్థులు బిత్తరపోయి చూశారు. ఊరి పత్రిక 'ప్రాచీన వీరగీతం' అని రాసింది. బెంచీల మీది ఫిన్నిష్ ముసలమ్మలు మాత్రం తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వారు. ఒళ్లంతా బురద పూసుకుని, కండలు ఉబ్బించుకుని ఆవుని పిలుస్తున్న నలభై మందికి ఆ సంగతి చెప్పడానికి వాళ్లలో ఎవరికీ మనసొప్పలేదు. అర్వోకి అంతకన్నా ఒప్పలేదు.

అయితే అతనికి నవ్వు రాలేదు. అక్టోబర్‌లో ఓ సాయంత్రం ఇంట్లో కాఫీ కప్పు కడుగుతూ లెంపి గొంతు గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. నలభై బొంగురు గొంతులు వచ్చాయి, హెల్మెట్ల దరువుతో సహా. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ వాళ్లే. కప్పు అక్కడే వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. మనిషి పోయినా గొంతు మిగిలిందనుకున్నాడు. ఇప్పుడు అదీ పోతోంది. పైగా చేజేతులా తనే ఇచ్చుకున్నాడు. వాళ్ల మీద కోపం వచ్చింది, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఇక ఎవరూ ముట్టుకోనిది రెండో చరణం ఒక్కటే.

నవంబర్‌లో చివరి ఆటకి ముందు ట్రెవారో మళ్లీ బట్టల గదికి వచ్చాడు.

"పెద్దాయనా, పాట కాగితాల మీద అచ్చేసి జనానికి పంచుతారంట. మిగతాది కూడా చెప్పు."

"మిగతాది లేదు."

"ఎందుకు లేదూ? మేం ఆపేశాక కూడా గట్టున నిలబడి నీ పెదాలు ఆడుతూనే ఉంటాయి. ప్రతివారం చూస్తున్నా."

"చలికి వణుకుతున్నాయి."

"సెప్టెంబర్‌లో కూడానా?"

అర్వో బూటు మేకు బిగించుకుంటూ కూర్చున్నాడు. ట్రెవారో "సరేలే, అచ్చేం వద్దని చెప్తా," అని వెళ్లిపోయాడు.

చివరి ఆట మంచులో జరిగింది. జట్టు ఓడింది. అయినా మైదానం మధ్యలో గుమిగూడారు. గొంతులు బొంగురుపోయి ఉండటంతో అరవలేకపోయారు. పాట మెల్లగా, మామూలుగా సాగింది. అర్వో తువ్వాళ్లు చేతిలో పట్టుకుని గట్టున నిలబడ్డాడు. చరణం అయిపోయింది. ఎప్పటిలా అయితే ఈపాటికి కేకలు పెట్టుకుంటూ స్నానాలకి పరిగెత్తేవాళ్లు.

ఎవరూ కదల్లేదు. ట్రెవారో హెల్మెట్ చంకలో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. మిగతావాళ్లూ అలాగే నిలబడ్డారు. బెంచీల మీది జనం సద్దు కూడా మణిగింది. తనకోసం ఆగారని అర్వోకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తువ్వాళ్లు దగ్గరికి లాక్కుని, పెదాలతోనే రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో లెంపి పిలిచింది. మెట్టు మీంచి, సందు దాటి, ఎప్పటిలాగే కాస్త విసుగ్గా, పేరు సాగదీసి. బొంగురు గొంతులు ఒక్కటి కూడా అడ్డం రాలేదు. ఇన్ని నెలల తర్వాత తన పేరు అలా పిలవడం విన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతినిండా తువ్వాళ్లున్నా తుడుచుకోలేదు.

అతని పెదాలు ఆగడం చూసి ట్రెవారో దగ్గరికి వచ్చాడు. భుజాల మీద మంచు పేరుకుంటోంది.

"అయిందా పెద్దాయనా?" అన్నాడు గొంతు తగ్గించి.

లేదని తనే చెప్పిన చరణానికి అవడం, అవకపోవడం ఉండవని అర్వోకి తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఇంకొంచెం ఉంది," అన్నాడు.

"అలాగే," అని ట్రెవారో వెనక్కి వెళ్లి, తనవాళ్ల మధ్య మళ్లీ నిలబడ్డాడు.