నీరసం కాదు, కమ్జోరీ
డెబ్బైల్లో మాట. పదో తరగతి పరీక్షలు నెల ఉన్నాయనగా టైఫాయిడ్ నన్ను వదిలింది. వదిలిందన్న మాటే గానీ, హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా వాటాకున్న పదకొండు మెట్లలో మూడోదాని మీదే కూలబడేదాన్ని. ఈసారి పరీక్ష తప్పితే చదువు బంద్ అని బాపు తేల్చేశాడు. నాకేమో చదువంటే ప్రాణం. ఏడుపొచ్చేది, ఏడవడానికీ ఓపిక లేదు.

డాక్టరు వారం రోజులే పథ్యం చెప్పాడు. మా అమ్మ వింటేనా! జ్వరం తిరగబెడుతుందని రెండు వారాలు దాటినా బార్లీ నీళ్లు, బ్రెడ్డు ముక్కలే. నీరసమంటే రసం లేకపోవడమని బడిలో తెలుగు సారు చెప్పారు. అది గుర్తొచ్చినప్పుడల్లా నేను చెరుకు పిప్పినే అనిపించేది.

కింది వాటాలో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేదాన్ని. గాజులకు రాళ్లు అతికించడం ఆమె పని. ఒక మధ్యాహ్నం మెట్ల మీద నన్ను చూసింది.

"ఏంది బేటీ, గిట్ల కూసున్నవ్?"

"నాలో ఏం మిగల్లే ఖాలా. నీరసం."

"తౌబా! గదేం మాట? మేం కమ్జోరీ అంటం. కమ్ అంటే తక్కువ, జోర్ అంటే బలం. తక్కువైంది, గంతే. మొత్తం పోయిందని ఎవరన్నరు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాలా అంతటితో ఆగలేదు, పైకొచ్చి మా అమ్మతో లొల్లి పెట్టుకుంది.

"పిల్లను సాదుతున్నవా, ఒరుగులు ఎండబెడుతున్నవా?"

మర్నాటి నుంచి బాదం, గసగసాలు నూరి నెయ్యితో కాచిన హరీరా ఖాలా ఇంటి నుంచి వచ్చేది. వాళ్లు బాలింతలకు తాగిస్తారట. మొదటి రోజు అమ్మ మూతి ముడుచుకుని వాసన చూసింది. రెండో రోజు తనే గిన్నె నా నోటికి పట్టింది. ఖాలా ఒకటే షరతు పెట్టింది, రోజుకో మెట్టు ఎక్కువ ఎక్కాలని. కింద రాళ్లు అతికిస్తూనే ఓ కన్ను నా మీద వేసేది. మధ్యలో కూర్చుంటే తిట్లే తిట్లు. ఎనిమిదో రోజున పైమెట్టు మీద నిలబడి నేను అరిచిన అరుపుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది.

తీరా పరీక్ష రోజు చూస్తే నా గది రెండో అంతస్తులో పడింది. సగంలో గోడకు ఆనుకుని రొప్పుతుంటే, పైనుంచి దిగుతున్న సారొకాయన ఆగాడు.

"ఏందమ్మా, నీరసమా? ఇంటికి పోతవా?"

"కాదు సార్, కమ్జోరీ" అని మిగతా మెట్లు ఎక్కాను.