తాలూక్‌దారు గారికి స్టీల్ గిటారు చెప్పిన జవాబులు

కుర్చీలో కూర్చుని నౌకరీ పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. నౌకరీ ఇంకా రాకముందే, కేవలం కూర్చున్నందుకు దాన్ని పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎవరైనా ఇంకొకరుంటే చెప్పండి, వెళ్ళి ఆయన పక్కన నిలబడతాను. కూర్చోను.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. అచ్చంపేటకు పోయే దారిలో ఒక మిషన్ బంగళా, దాని పక్కన ఒక చిన్న దవాఖాన ఉండేవి. నేను ఆ దవాఖానలో నీళ్ళు తోడేవాణ్ణి, మందుసీసాలు కడిగేవాణ్ణి, ఆదివారం గుడిలో పాటలు పాడేవాణ్ణి. ఇరవై ఏళ్ళ వయసు. పేరు యాకోబు. తెలివి ఎంత అంటారా, ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

బంగళాలో ఉండేది అమెరికా నుంచి వచ్చిన హెన్రీ దొర. ఆయన ఊళ్ళో మనుషుల కంటే పశువులు ఎక్కువట. మా అందరికీ ఆయనంటే ప్రాణం. ఒక్క చిక్కు ఏమిటంటే, ఆయన తెలుగు నేర్చుకున్నది మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి పండితుడి దగ్గర. అందువల్ల దాహమైతే మేము "జర నీళ్ళియ్యి" అంటే, ఆయన "జలము తెమ్ము" అనేవాడు. తెచ్చేలోపు మాకు అర్థం కావాలి కదా.

ఆ దొర ఒకరోజు పెట్టె తెరిచి ఒక వింత వస్తువు బయటికి తీశాడు. చూడ్డానికి గిటారే. కానీ నిలబెట్టి పట్టుకోరు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెడతారు. తీగలు చెక్కకు చాలా ఎత్తున ఉంటాయి, వాటిని వేళ్ళతో నొక్కకూడదు. ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీ ఒకటి పట్టుకుని తీగల మీద జరుపుతూ, కుడిచేత్తో మీటాలి. అప్పుడు స్వరం మెట్టు మెట్టుగా కాక జారుతూ పోతుంది, దూడ తల్లిని పిలిచినట్టు. స్టీల్ గిటారు అన్నాడు దొర.

"యాకోబూ, మా దేశమందు పశువుల కాపరులు శనివారములలో మేళము కట్టుదురు. పల్లెటూరి ఫిడేలును పట్టణపు బాకాలతో కలిపిన మేళమది. దానికి జనులు గంతులు వేయుదురు."

"మీరు గూడ ఏసిన్రా అయ్యగారు?" అన్నాను.

దొర ఇంటివైపు ఒకసారి చూసుకుని, "దొరసానమ్మ వినును. తీగలు సవరించుము" అన్నాడు.

అలా మా మేళం తయారైంది. దొర ఫిడేలు వాయిస్తూ పాడతాడు. దవాఖాన కాంపౌండరు దేవదానమన్న డోలు. నేను స్టీల్ గిటారు. మేళంలో ఎవరి పని ఏమిటో దొర మొదటిరోజే చెప్పాడు. "ఫిడేలు పాటను మోయును. డోలు నడకను కాచును. నీ వాద్యము బదులు పలుకును. నేను ఒక చరణము పాడి ఊపిరి తీసుకొందును. ఆ సందులో నీవు జవాబు చెప్పవలెను. మరియు పాట నడుమ నేను నీ పేరు పెట్టి పిలిచెదను. అప్పుడు మేమందరము తగ్గెదము, నీవొక్కడవే వాయించవలెను. అది మా మేళములలో మర్యాద."

మర్యాద అన్న మాట దగ్గరే నా పతనం మొదలైంది.

పాట ఎత్తుకున్నాం. రెండు చరణాలయ్యాయి. దొర ఫిడేలు దించి, మొహమంతా నవ్వు చేసుకుని, "యాకోబూ" అని పిలిచాడు. నేను టక్కున లేచి నిలబడ్డాను. "అయ్యా" అన్నాను. ఒళ్ళో ఉన్న గిటారు కాళ్ళమీద పడింది.

"ఏల లేచితివి?"

"మీరు పిలిచిన్రు గద అయ్యగారు."

"పిలిచినది వాయించుటకు."

"పెద్దోళ్ళు పిలిస్తే గూసోని ఎట్ల పలుకాలె?"

దొర దీన్ని హాస్యమనుకున్నాడు. హాస్యం కాదు. మా బాపు ఊళ్ళో వెట్టి చేసేవాడు. ఊరికి వచ్చే ప్రతి సర్కారు మనిషి సామాను మోసుకొచ్చి, ఆయన పనయ్యేదాకా చావడి ముందు నిలబడేవాడు. ఆయనకు ముందు వాళ్ళ బాపు నిలబడ్డాడు. ఎవరైనా పిలిస్తే లేవడం మేము నేర్చుకున్న విద్య కాదు, పుట్టుకతో వచ్చింది. మొక్కై వంగినది మానై కూర్చుంటుందా?

ఆ వారంలో గిటారు నాలుగుసార్లు కిందపడింది. చెక్క ఒకచోట చిట్లింది. చివరికి దొర ఒక ఉపాయం ఆలోచించి బంగళాలో అందరికీ ఆజ్ఞ ఇచ్చాడు. నేను ఒళ్ళో గిటారు పెట్టుకుని ఉన్నప్పుడు ఎవరైనా సరే, ఎక్కడి నుంచైనా సరే, నన్ను పేరు పెట్టి పిలవాలి. నేను లేవకూడదు, చూడకూడదు, నోటితో పలకకూడదు. తల వంచుకుని, కడ్డీ మీదే కళ్ళు పెట్టి, తీగలతోనే బదులు చెప్పాలి.

ఇక చూసుకోండి. వంటమనిషి వంటింట్లోంచి యాకోబూ అంటుంది. నేను తీగ మీటుతాను. బడిపిల్లలు గోడ మీద నుంచి యాకోబూ అంటారు. మీటుతాను. దేవదానమన్నకైతే ఇదొక పండుగ. ఒకరోజు వెనక నుంచి వచ్చి, "తమ్మీ యాకోబూ, లే, పాము" అని అరిచాడు. నేను తల ఎత్తకుండా పైతీగ నుంచి కింది తీగ దాకా కమ్మగా ఒక జారుడు జారాను. పాము అబద్ధమైంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ మీకు దేవదానమన్న చెప్పవలసి వచ్చేది. దొర మాత్రం పొంగిపోయాడు. "యాకోబూ, ఇప్పుడు నీవు నిజముగా మేళగాడవు" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. గర్వం వచ్చింది. దాచడమెందుకు?

ఇంతలో దవాఖానకు కొత్త గది కట్టారు. దాన్ని తెరవడానికి జిల్లా తాలూక్‌దారు గారు వస్తున్నారన్నారు. తాలూక్‌దారంటే ఇప్పటి కలెక్టరనుకోండి, భయం మాత్రం దానికి పదింతలు. ఆయన సర్కారు కచేరీలో ఒక జవాను జాగా, అంటే బంట్రోతు పని, ఖాళీగా ఉందని దొరకు తెలిసింది. నా గురించి చీటీ రాసి పంపాడు. తాలూక్‌దారు గారి నుంచి జవాబు వచ్చింది, దవాఖానకు వచ్చిన రోజున పిల్లవాణ్ణి చూస్తానని.

ఆ మాట విని బాపు రెండు రోజులు నిద్రపోలేదు. జవాను అంటే నడుముకు పట్టా, దాని మీద ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ ఉన్నవాణ్ణి ఊళ్ళో ఎవరూ వెట్టికి పట్టలేరు. బాపుకు కావలసింది అదే. తన మీద ఉన్న బరువు నా నెత్తికి ఎక్కకపోతే చాలు.

"సాబు పిల్వంగనే లేసి నిలవడాలె. వంగి సలాం చెయ్యాలె. అడిగినదానికే జవాబు చెప్పాలె" అన్నాడు బాపు.

"గంతేనా బాపు?"

"గంతే. గది చాతగాక మస్తుమంది చెడిపోయిన్రు బిడ్డా."

నేను నవ్వాను. లేచి నిలబడడం కూడా ఒక పరీక్షేనా అనుకున్నాను. కూర్చోవడం కదా నేను కష్టపడి నేర్చుకున్నది.

ఆ రోజు మధ్యాహ్నం పందిరి కింద జనం కిక్కిరిశారు. ముందు వరసలో కుర్చీలో తాలూక్‌దారు గారు, నెత్తిన ఎర్రటోపీ, చేతిలో దొర రాసిన చీటీ. వెనక గుంజ పక్కన మా బాపు, అలవాటు ప్రకారం నిలబడి. రిబ్బను కత్తిరించారు, దండలు వేశారు. అతిథి సంతోషం కోసం మా మేళం మొదలైంది.

నిజం చెప్పాలి, ఆ రోజు మేము బాగా వాయించాం. దొర చరణం పాడి ఊపిరి తీసుకుంటున్నాడు, నేను సందులో జవాబు చెబుతున్నాను. డోలు గుర్రంలా నడుస్తోంది. నా కళ్ళు కడ్డీ మీదే ఉన్నాయి. తాలూక్‌దారు గారికి కూడా నచ్చిందట. ఎంత నచ్చిందంటే, పాట అయ్యేదాకా ఆగలేక, చీటీలో పేరు చూసుకుని, ఫిడేలు కాస్త తగ్గిన చోట, తన ఉర్దూ యాసలో పిలిచారు.

"యాకూబ్."

దొర వేలితో చూపించి పెట్టినట్టు, సరిగ్గా పిలవవలసిన చోటే వచ్చింది ఆ పిలుపు. గొంతు దొరది కాదని నాకు తెలియలేదా? తెలిసింది. కానీ ఇది దేవదానమన్న ఎవరిచేతో పెట్టించిన పరీక్ష అనుకున్నాను, ఎవరు పిలిచినా లేవవద్దన్నది కదా నా చదువు. తల ఎత్తలేదు. తీగల మీద ఒక జవాబు ఇచ్చాను.

దొర ఫిడేలు ఆగిపోయింది. దేవదానమన్న డోలు ఆగిపోయింది. పందిరి కింద చీమ చిటుక్కుమనలేదు. ఆహా, నా కోసం అందరూ తగ్గారు, మేళం మర్యాదంటే ఇదీ అనుకుని నేను మరింత రెచ్చిపోయాను.

"అరే యాకూబ్, నిన్నే పిలుస్తున్న" అన్నారు తాలూక్‌దారు గారు.

స్టీల్ గిటారు ముద్దుగా మూలిగింది.

"ఏ ఊరు నీది?"

గిటారు కింది స్వరం నుంచి పైస్వరానికి ఎక్కింది.

"నీ బాపు పేరేంది?"

గిటారు పైనుంచి కిందికి జారి, అక్కడ కాసేపు వణికింది.

వెనక బడిపిల్లలు కిసుక్కుమన్నారు. దాన్ని నేను మెప్పు కింద జమ చేసుకున్నాను. అప్పుడు గుంజ దగ్గర నుంచి బాపు గొంతు వినిపించింది, సన్నగా, ఏడుపులాగా. "లే బిడ్డా. నీ కాల్మొక్త, లే."

మామూలుగానైతే ఆ గొంతుకు నేను నూతిలోంచి కూడా లేచి వచ్చేవాణ్ణి. కానీ దేవదానమన్న నన్ను పాము పేరుతో పరీక్షించినవాడు. ఈసారి మా బాపును కూడా కలుపుకుని పరీక్ష పెట్టాడు, ఎంత గడుసువాడు అనుకున్నాను. మోసపోతానా? ఒళ్ళు దగ్గరపెట్టుకుని, నాకు వచ్చిన వాటిలోకెల్లా పొడవైన జారుడు ఒకటి వాయించాను. పిలవని పేరంటానికి పోయినవాళ్ళ గురించి విన్నాం. తాలూక్‌దారు నాలుగుసార్లు పలకరించినా తీగలతో మూలిగినవాడి గురించి ఆ జిల్లాలో అంతవరకు ఎవరూ వినలేదు.

చివరికి దేవదానమన్న వచ్చి అరచేయి తీగల మీద వేసి నొక్కాడు. చెవి దగ్గర వంగి, "తమ్మీ, ఇగ సాలు. నిజంగనే సాబు" అన్నాడు.

తల ఎత్తాను. ఎర్రటోపీ కనిపించింది. దాని వెనక మా బాపు మొహం కనిపించింది. అంత భయం నేను మా బాపు మొహంలో అంతకుముందు చూడలేదు. ఆ ఒక్క క్షణం నాకు నవ్వు తెప్పించదు, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

లేచాను. లేవకుండా ఉంటానా? ఉక్కు కడ్డీ చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి తాలూక్‌దారు గారి బూటు దగ్గర ఆగింది. ఎవరూ కదలలేదు. ఆయనే వంగి దాన్ని తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంది?"

నోటితో జవాబు చెప్పే అలవాటు తప్పింది కదా, ఇంతసేపూ తీగలే మాట్లాడాయి. "ఉక్కుముక్క, హుజూర్" అన్నాను ఎలాగో.

దొర ముందుకు వచ్చి, "అయ్యా, తప్పు నాది. పిలిచినప్పుడు లేవకుండుటకు వీనికి నేనే నేర్పితిని" అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. మాటలు మాత్రం అంతకంటే ప్రమాదంగా ఎవరూ కూర్చలేరు. నిజాం రాజ్యంలో ఒక దొర జనానికి లేవకుండా ఉండడం నేర్పుతున్నాడని పక్కనున్న పోలీసు అమీను ఉలిక్కిపడి చూశాడు.

తాలూక్‌దారు గారు నన్నూ, కడ్డీనీ మార్చి మార్చి చూశారు. కోపమో, ఇంకేదో తెలియలేదు. తర్వాత కడ్డీ నా చేతిలో పెట్టి అన్నారు.

"పిలిస్తే లేవనోళ్ళు నా కచేరీల ఇప్పటికే పన్నెండుమంది ఉన్నరు. అందరు గుమస్తాలే. ఒక్క జవానన్న లేస్తడేమోనని ఇంతదూరం వచ్చిన."

పందిరంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నౌకరీ మాత్రం రాలేదు.

సాయంత్రం బాపూ నేనూ ఊరి దారి పట్టాం. ఒక కోసు దూరం ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది. సీతాఫలం పొదల దగ్గర ఆగి కాళ్ళకు అంటిన మట్టి దులుపుకున్నాడు.

"బిళ్ళ పాయె గదరా" అన్నాడు.

"పాయె బాపు."

మళ్ళీ కొంతదూరం నడిచాం. "ముప్పయ్యేండ్లు నిలవడ్డ. ఒక్క సాబన్న నా పేరు పెట్టి పిలువలే" అన్నాడు. "నిన్ను రెండుసార్లు పిలిసిండు. నువ్వు గూసునే ఉంటివి."

"తెల్వక గూసున్న బాపు."

"తెల్సి ఎవడు గూసుంటడు?" అని, ఇంకో నాలుగు అడుగులు వేసి, నా వైపు చూడకుండా అడిగాడు. "ఎట్లుంటదిరా, గట్ల గూసుంటే?"

"తొడ నొస్తది బాపు. గిటారు బరువుంటది" అన్నాను.

బాపు నవ్వడం మొదలుపెట్టాడు. ఊరు వచ్చేదాకా నవ్వాడు. మర్నాటి నుంచి కల్లు దుకాణంలో తన కొడుకు తాలూక్‌దారు ముందు ఎంతసేపు కూర్చున్నాడో చెప్పడం ఆయన పని అయింది. చెప్పిన ప్రతిసారీ ఆ సేపు పెరిగేది. చివరిసారి విన్నప్పుడు నేను పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చున్నాను.

ఆ దెబ్బతో నేను ఘోరమైన ఒట్టు ఒకటి పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరు పిలిచినా, ఎక్కడ పిలిచినా, అన్నం ముందున్నా, మంగలి కత్తి మెడ మీదున్నా, ముందు లేచి నిలబడతాను, తర్వాతే పలుకుతాను. ఈ ఒట్టు వల్ల మెడ మీద రెండు గాట్లు పడ్డాయి, చాలా అన్నాలు చల్లారాయి. అయినా ఎవరి దగ్గరా తప్పలేదు, బాపు దగ్గర తప్ప. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ నలుగురు చూస్తుండగా పనిగట్టుకుని నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. నేను లేవబోతే, "లేస్తవేందిరా, గూసో" అనేవాడు.