బోణీ వేళ ఇద్దరు పిల్లలు

తర్లుపాడు పక్క పల్లెలో పాపమ్మంటే గొర్రెల పాపమ్మే. ఇక్కడ మేత అయిపోతే మందను కోస్తాకు తోలుకుపోవాల, వరి కోసిన మళ్లల్లో రాత్రిపూట ఆపాల, ఎరువుకు బదులు ఆ రైతులిచ్చే వడ్లు తెచ్చుకోవాల. అదే బతుకు. మంద పోయినప్పుడల్లా తల్లి లేని మనవరాలు రేణుక కూడా పోయేది, చదువు ఆగిపోయేది. మూడో తరగతిలోనే రెండేళ్లు కూర్చున్నది.

ఈసారి మార్కాపురంలో బట్టల దుకాణం కన్యకాపరమేశ్వరి, "ఒక పిల్లను హాస్టల్లో పెట్టి చదివిస్తా, తీసుకరా" అన్నది. మంద కదిలే ముందురోజు, దుకాణంలో సాంబ్రాణి పొగ వేస్తుండంగానే పాపమ్మ దిగింది. ఎనక ఇద్దరు పిల్లలు.

"ఈ రెండో పిల్ల ఎవరు?"

"మా పక్కింటి పౌలు కూతురు, ప్రసన్న."

"ఒకర్నే అంటిని గదా పెద్దమ్మా!"

"ఒంటి పిల్లను కొత్త మందలో ఇడిస్తే మేయదు తల్లీ. చిక్కి సగమైతది. మేం ఎవరికిచ్చినా జతే ఇస్తాం."

"ఇవి గొర్రెలా, ఆడపిల్లలా?"

"గొర్రే నయం, అరుస్తది. మా రేణుకైతే నోరే తెరవదు."

రేణుక ప్రసన్న గౌను కొస పట్టుకొని నిలబడింది.

కన్యకాపరమేశ్వరి చెడ్డది కాదు, కాకపోతే ఒకటంటే ఒకటే అనే మనిషి. "నా శక్తి ఒకరికే" అన్నది.

"సరే తల్లీ, నీ తప్పేముంది" అని పాపమ్మ ఇద్దరి చేతులూ పట్టుకొని మెట్లు దిగింది. రేపు మందతో పోతే రేణుక మళ్లీ బడి మొహం చూడదు. ఆ సంగతి పాపమ్మకు తెలవక కాదు. అయినా జత విడదీయలేదు. అంత మొండి మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు.

లోపల తానులు సర్దుతున్న శ్రీనివాస్ భార్యను చూసినాడు. "ఏందే, బోణీ కాకముందే మనిషిని వట్టి చేతుల్తో పంపిస్తన్నావు?"

కన్యకాపరమేశ్వరి మొహం మారింది. గబగబా గడప దాకా వచ్చింది.

"పెద్దమ్మా, ఆగు!"

"నేను కొనేదానికి రాలేదు గదమ్మా."

"మెట్లెక్కితే బేరమే. ఇద్దర్నీ తీసుకరా లోపలికి."

శ్రీనివాస్ ఇద్దరికీ యూనిఫాం గుడ్డ కొలిచి చింపినాడు, మొహం మాడ్చుకొనే.

నెల తిరిగినాక రేపల్లె పక్క మళ్లల్లోంచి పాపమ్మ హాస్టలుకు ఫోన్ చేయించింది. ఏడుపొస్తే తుడుచుకునేదానికి కొంగు కూడా చేతిలో పట్టుకున్నది.

"అవ్వా, బాగుండాం. బెల్లు కొట్టినారు, పెట్టేస్తన్నా" అన్నది రేణుక.

"ఏమన్నదమ్మా?" అన్నాడు కొడుకు లింగయ్య.

పాపమ్మ కొంగు వదిలేసింది. "మనతో మాట్లాడే తీరిక లేదంటరా. ఇంక ఆ పిల్ల గొర్రెల కాడికి రాదు" అని, పక్క చేలో దూరిన పొట్టేలును అదిలించేదానికి పోయింది.