నేను నొక్కకుండా వెలిగిన ఫ్లాష్

1978 చలికాలంలో, ఒక తెలుగు దినపత్రికలో నేను రెండో ఫొటోగ్రాఫరుగా పనిచేస్తున్నప్పుడు, కార్వాన్‌లోని ఒక తాలీంలో జరిగే కుస్తీల ఫొటోలు తెమ్మని నన్ను పంపారు. తాలీం అంటే పహిల్వాన్లు సాధన చేసే చోటు. పైన రేకుల కప్పు, మధ్యలో మెత్తటి ఎర్రమట్టి నింపిన గోదా, దాని చుట్టూ జనం. వెలుతురుకు నాలుగు ట్యూబ్‌లైట్లు. ఆ వెలుతురులో ఫ్లాష్ లేకుండా కుస్తీని ఫొటో తీయడం ఆనాటి ఫిల్ముతో సాధ్యమయ్యేది కాదు.

ఈ రోజు కెమెరా మీద రేడియో పరికరం బిగించి, దూరంగా పెట్టిన ఫ్లాష్‌లన్నిటినీ ఒక్క నొక్కుతో వెలిగించే యువకులు, మీ కాలంలో తీగ లేకుండా ఎలా వెలిగించేవారని నన్ను అడుగుతుంటారు. అడిగి, నేను జవాబు మొదలుపెట్టేసరికి ఫోను చూసుకుంటారు. అందుకే ఈ సంగతిని నా నోటుపుస్తకం దగ్గర పెట్టుకొని రాస్తున్నాను. అందులో ప్రతి ఫ్రేముకూ ఒక వరుస ఉంది: ఫ్రేము సంఖ్య, దూరం, లెన్సు ఎంత తెరిచాను, ఏ ఫ్లాష్ వెలిగింది, ఏది వెలగలేదు.

కెమెరా మీద ఒక్క ఫ్లాష్ మాత్రమే ఉంటే వెలుగంతా ముందు నుంచి పడుతుంది. మట్టి పూసుకున్న ఇద్దరు మనుషులు మట్టిలోనే కలిసిపోతారు. ఏ చెయ్యి ఎవరిదో తెలియదు. గోదాకు అవతల, ఎత్తున రెండో ఫ్లాష్ పెడితే భుజాల అంచున తెల్లని గీత వచ్చి ఒళ్లు విడిగా కనిపిస్తుంది. దాన్ని కెమెరాకు కలపడానికి అంతకు ముందు ఏడాది పొడవాటి తీగ వాడాను. ఒక పెద్దాయన దానికి కాలు తట్టుకొని పడ్డారు, ఫ్లాష్ గోదాలో పడింది. తాలీంలో తీగ కనిపిస్తే నన్ను కూడా గోదాలోకి దింపుతానని ఇస్మాయిల్ ఉస్తాద్ అప్పుడే చెప్పారు. ఆ తాలీంలో కుస్తీ నేర్పేది ఆయనే.

కాబట్టి ఈసారి 'కన్ను' తెచ్చాను. అగ్గిపెట్టె అంత డబ్బీ అది. దాని ముఖాన వెలుగును పసిగట్టే చిన్న బిళ్ల ఉంటుంది. నా కెమెరా మీది ఫ్లాష్ వెలగగానే ఆ వెలుగు బిళ్లకు తగిలి, డబ్బీకి తగిలించిన వెనక ఫ్లాష్ కూడా అదే క్షణంలో వెలుగుతుంది. ఒకసారి వెలిగాక వెనక ఫ్లాష్ మళ్లీ నిండటానికి పది సెకన్లు పడుతుంది. నిండితే వీపున ఎర్రచుక్క వెలుగుతుంది.

శనివారం మధ్యాహ్నం ఉస్తాద్ సమక్షంలో దాన్ని స్తంభానికి కట్టి పరీక్షించాను. నేను కెమెరా సంచీలోంచి తీయకముందే అది వెలిగింది. కొద్దిసేపటికి మళ్లీ వెలిగింది. సాధన చేస్తున్నవాళ్లు ఆగి దాని చుట్టూ మూగారు.

"ఏంది సార్, మీ బత్తీ దానంతటదే కన్ను కొడ్తుంది?" అన్నాడు యాదగిరి. "పెండ్లి గాలేదా దీనికి?"

"నీకైంది గదా, నీ కన్నేం తక్కువ తిన్నదా? పో, బైఠక్‌లు తియ్!" అని ఉస్తాద్ కసిరారు.

యాదగిరి గురించి ఇక్కడే చెప్పాలి. ఒక ప్రభుత్వ కర్మాగారంలో రోజుకూలీగా బస్తాలు మోసేవాడు. ఆదివారం కుస్తీ గెలిచినవాడు రాష్ట్ర పోటీలకు వెళతాడు, వెళ్లినవాడిని కర్మాగారం క్రీడాకారుల కోటాలో పర్మనెంటు చేస్తుంది. వయసు పరిమితి ప్రకారం అతనికి అదే ఆఖరి ఏడాది.

నేను వెనక ఫ్లాష్ పక్కనే కూర్చొని, అది వెలిగిన ప్రతిసారీ బయట ఏం జరుగుతోందో గమనించాను. ఐదోసారికి దొరికింది. సందుకు అవతల ఇనుప గేట్లు చేసే వెల్డింగ్ దుకాణం ఉంది. అక్కడ నిప్పు మెరిసినప్పుడల్లా కన్ను మోసపోతోంది. వెల్డర్‌తో మాట్లాడి, ఆదివారం కుస్తీ వేళకు దుకాణం మూయించాను. నోటుపుస్తకంలో "కారణం: వెల్డింగ్. నివారించడమైనది" అని రాసి కింద గీత గీశాను. ఆ గీత గీసినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక కారణం దొరికింది కదా అని, రెండో కారణం ఉండవచ్చునని ఆలోచించలేదు.

ఆదివారం సాయంత్రం యాదగిరికి ఎదురు నిలిచినవాడు హుస్సేనీ ఆలం వైపు నుంచి వచ్చిన నర్సింగ్. ఇద్దరి వీపుల్లో ఎవరిది ముందుగా, రెండు భుజాలతో సహా, మట్టికి ఆనితే వాడు చిత్, అంటే ఓడినట్టు. తీర్పరిని పంచ్ అంటారు. ఆయన మోకాళ్ల మీద వంగి చూసి, అరచేత్తో మట్టిని చరిస్తే కుస్తీ ముగిసినట్టు.

నా కెమెరాను పొట్ట దగ్గర పట్టుకొని, తల వంచి పైనుంచి చూడాలి. నర్సింగ్ యాదగిరిని ఎత్తి తిప్పేయడం చూశాను. నొక్కబోతుండగా వెలుగు మెరిసింది. నేను నొక్కలేదు. తల ఎత్తేసరికి జనం లేచి అరుస్తున్నారు. మళ్లీ తల వంచి నొక్కాను. ముందు ఫ్లాష్ ఒక్కటే వెలిగింది. గోదా పక్కనే కూర్చొని రాసుకున్నాను: "ఫ్రేము 7. వెనక ఫ్లాష్ అంతకు రెండు సెకన్ల ముందే వెలిగింది. నేను నొక్కలేదు."

పంచ్ నర్సింగ్ గెలిచాడన్నారు. యాదగిరి మట్టిలోంచి లేవలేదు.

"ఎడమ భుజం ఆనలే!" అని అరిచాడు. "అల్లా మీద, ఎల్లమ్మ మీద ఒట్టు, ఆనలే! ఉస్తాద్, మీరన్న చెప్పుండ్రి!"

ఉస్తాద్ తనకు కనిపించలేదని చెప్పారు. శిష్యుడి కోసం కూడా ఆయన అబద్ధం ఆడలేదు. పోటీల కమిటీ మాత్రం బుధవారం సాయంత్రం దాకా గడువిచ్చింది. రుజువు తెస్తే చూస్తామన్నది.

ఆ రాత్రి మా క్రీడల డెస్కు బాధ్యుడు నా ఏడో ఫ్రేమును తీసుకొని, కింద "చిత్ అయిన యాదగిరి" అని రాయించబోయారు. ఫొటోలో యాదగిరి వెల్లకిలా ఉన్నాడు. ఎడమవైపంతా నలుపు. భుజమేదో మట్టేదో తెలియదు. కనిపించని దాన్ని రాయవద్దన్నాను. ఫొటోగ్రాఫరు పని ఫొటో తేవడం వరకేనని, రాత తమదని ఆయన అన్నారు. నలుపును చూసి తీర్పు రాసే హక్కు ఏ డెస్కుకూ లేదని నేను కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఫొటో వేయలేదు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అది కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న: వెనక ఫ్లాష్‌ను ఎవరు వెలిగించారు? సోమవారం ఉదయం నేరుగా వెల్డర్ దగ్గరికి వెళ్లాను. మాట తప్పావని నిలదీశాను.

"నేనెట్ల వెల్డింగ్ చేస్త సార్?" అన్నాడతను. "దుకాణం బందు వెట్టి గోదా ముంగట్లనే కూసున్న. మీరు రాసుకునేటప్పుడు మీ పెన్ను కింద వడితే తీసిచ్చింది నేనే గదా!"

నిజమే, అతనే. అప్పుడు తట్టింది. కన్నుకు తన యజమాని ఎవరో తెలియదు. ఎవరి ఫ్లాష్ వెలిగినా అది పలుకుతుంది. ఆ క్షణంలో ఇంకెవరో ఫొటో తీశారు. నా వెనక ఫ్లాష్ వెలుగు వారి ఫిల్ములో ఉంది. తాలీంలో నాతోపాటు ఫ్లాష్ ఉన్నవారు ఇద్దరు. ఒకరు వేరే పత్రిక మనిషి. అప్పటికే రోల్ అయిపోయి మార్చుకుంటున్నానని అతను చెప్పాడు. రెండోవారు హుస్సేనీ ఆలంలో స్టూడియో నడిపే ఖాజా భాయ్, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. నర్సింగ్ తరఫువాళ్లు పిలిస్తే వచ్చి, నాకు ఎడమవైపు బెంచీ ఎక్కి నిలబడ్డారు.

యాదగిరిని వెంటబెట్టుకొని ఆయన స్టూడియోకు వెళ్లాను. సంగతి విని ఖాజా భాయ్ పెద్దగా నవ్వారు.

"గదేనా! నేను ఒక్క ఫ్లాష్ కొడ్తే ఎదురుంగ ఇంకోటి వెలిగె. బిజిలీ వడ్డదనుకున్న. మీ బత్తీ నాకు ముఫ్త్‌ల, పైసా లేకుండ, పనిచేసిందన్నట్టు!"

ఆ ఫిల్ము చూపించమన్నాను. ఇంకా కడగలేదన్నారు. పన్నెండు ఫ్రేముల రోల్‌లో నాలుగు మిగిలాయి, గురువారం ఒక వలీమా, అంటే నికా తర్వాతి విందు, ఉంది, అది తీశాక కడుగుతానన్నారు. కమిటీ గడువు బుధవారమని చెప్పాను.

"రోల్ నిండకుండ కడుగుడా? తోబా తోబా! మా బాబా ఉన్నప్పటి సంది ఈ దుకాణంల గట్ల చెయ్యలే."

పద్ధతి అంటే పద్ధతే. దాన్ని నేను తప్పు పట్టలేను, నా పద్ధతులూ అలాంటివే. నాలుగు ఫ్రేములు నింపితే సరిపోతుంది కదా అన్నాను. ఆయన యాదగిరిని ఎగాదిగా చూసి, కోటు తొడిగి, నీలం తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు.

"గడ్డం జర పైకి, పహిల్వాన్. గోదాల జూసినట్టు జూడకు, నౌకరీ దరఖాస్తుకు అంటించే ఫొటో ఇది."

"నౌకరీ యాడిది భాయ్..."

"నోరు ముయ్. పండ్లు వడ్తయి ఫొటోల."

నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు తీసి, అప్పటికప్పుడు కడిగారు. మేం ముగ్గురం చీకటిగదిలో ఎర్రబల్బు కింద నిలబడి, ట్రేలో కాగితం మీద బొమ్మ తేలడం చూశాం. ముందు పంచ్ చెయ్యి తేలింది. అరచెయ్యి మట్టిని చరిచింది, వేళ్ల చుట్టూ దుమ్ము లేస్తోంది. ఆ తర్వాత యాదగిరి ఎడమ భుజం తేలింది. దాని కింద, మట్టికీ ఒంటికీ మధ్య, నా వెనక ఫ్లాష్ వెలుగు నాలుగు వేళ్ల మందాన తెల్లగా ఉంది.

"గింత సందుంది!" అని యాదగిరి తన ఎడమ భుజానికి నాలుగు వేళ్లు ఆనించి కొలిచాడు.

ఈ ప్రింటు కమిటీకి ఇస్తే నర్సింగ్ వాళ్లు మళ్లీ పని ఇస్తారా అని ఖాజా భాయ్‌ని అడిగాను. అది తాను గీసిన బొమ్మ కాదని, ఉన్నదే వచ్చిందని ఆయన చెప్పి, వెనక తన స్టూడియో ముద్ర వేసి ఇచ్చారు.

బుధవారం కమిటీ ముందు ఆ ప్రింటును, నా నోటుపుస్తకాన్ని, నా ఏడో ఫ్రేమును పక్కపక్కన పెట్టాను. పంచ్ వయసు మళ్లిన పహిల్వాన్. చాలాసేపు చూసి, చెయ్యి తొందరపడ్డదని తానే ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం కుస్తీ మళ్లీ జరపాలని నిర్ణయించారు.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు ఒక విషయం స్పష్టమైంది. నా వెనక ఫ్లాష్ సక్రమంగా పనిచేసి ఉంటే, ఏడో ఫ్రేములో యాదగిరి రెండు భుజాలూ మట్టికి ఆని చక్కగా కనిపించేవి. ఎందుకంటే నేను నొక్కింది పంచ్ చరిచిన రెండు సెకన్ల తర్వాత. అప్పటికి యాదగిరి పట్టు వదిలేశాడు, వీపు ఆనింది. ఆ ఫొటోలో అబద్ధమేదీ ఉండేది కాదు. అయినా దాన్నిబట్టి అతను ఓడినట్టే తేలేది. నేను కూడా నమ్మేవాడిని, డెస్కు రాతకు అభ్యంతరం చెప్పేవాడిని కాను.

రెండో ఆదివారం కన్ను చుట్టూ నల్లకాగితంతో గొట్టం చుట్టాను, నా వైపు నుంచి వచ్చే వెలుగు తప్ప మరేదీ తగలకుండా. ఖాజా భాయ్ తన బెంచీ మీది నుంచి, ఈసారి ముఫ్త్ బత్తీ లేదా సాబ్ అని అరిచారు. కుస్తీ చాలాసేపు సాగింది. చివరికి నర్సింగే గెలిచాడు. రెండు ఫ్లాష్‌లూ వెలిగాయి. యాదగిరి లేచి మట్టి దులుపుకొని నా దగ్గరికి వచ్చాడు.

"గిప్పుడు ఆనింది సార్. రెండు భుజాలూ ఆనినయ్. రాస్కోండ్రి."

రాసుకున్నాను. అతని పర్మనెంటు ఉద్యోగం ఆ కోటాలో రాలేదు. పాస్‌పోర్టు ఫొటోల అవసరం ఆ ఏడాది పడలేదు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇది: ఫొటో ఏం జరిగిందో చూపుతుంది కానీ, ఎప్పుడు జరిగిందో చెప్పదు. అది తీసినవాడే రాసి పెట్టాలి. ఆ వారం నా నోటుపుస్తకంలో ఒక గడి కొత్తగా చేర్చాను: "పంచ్ చేతికి ముందా, తర్వాతా?" యాదగిరి రెండో ఓటమికి, రెండు భుజాలూ ఆని కనిపించే ఆ ఫ్రేముకు, ఎదురుగా ఆ గడిలో "ముందు" అని ఉంది.