రేష్మాకి ఇక పిల్ల పుట్టదని తెలిసిన ఆదివారం

పోయినేడు మా మేనకోడలి పెళ్లి విజయవాడలో జరిగింది. ఊరేగింపులో పెళ్లికొడుకు ఎక్కిన తెల్ల గుర్రం పేరు రేష్మా. పక్కనే బాణసంచా పేలుతున్నా, బ్యాండు వాళ్లు చెవి దగ్గరే బాకాలు ఊదుతున్నా అది అడుగు తడబడలేదు. పెళ్లికొడుకే భయపడి జూలు గట్టిగా పట్టుకున్నాడు. ఏలూరు పక్కన మాకో చిన్న మామిడి తోట ఉంది. అక్కడ ఒక గుర్రాన్ని పెంచి మా పిల్లలకి స్వారీ నేర్పించాలని నాకు చాన్నాళ్లుగా కోరిక. ఇంత నెమ్మదైన గుర్రానికి పుట్టిన పిల్లయితే బావుంటుందనిపించి, దాని యజమాని మస్తాన్‌వలి గారిని అక్కడే అడిగాను. పుడితే మీకే ఇస్తానన్నారాయన. ఆ తర్వాత మగ గుర్రంతో రెండుసార్లు దాటించినా చూలు నిలవలేదు. ఈ ఏప్రిల్లో ఫోన్ చేసి, ఆదివారం డాక్టరుగారు వచ్చి స్కానింగ్ చేస్తారని, మధ్యాహ్నానికి గుడివాడ నుంచి మంచి మగ గుర్రం వస్తుందని, వీలైతే రమ్మని చెప్పారు.

ఏలూరులో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే విజయవాడలో దిగొచ్చు. గవర్నర్‌పేటలో ఆదివారం హోల్‌సేల్ కొట్లు మూసి ఉంటాయి కాబట్టి రోడ్లు ఖాళీ. ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిని, ఆటోలో బస్టాండుకి వెళ్లి బందరు బస్సెక్కాను. బెంజి సర్కిల్, కానూరు, పోరంకి దాటాక అపార్ట్‌మెంట్లు పలచబడి చెరుకు తోటలు మొదలవుతాయి. కంకిపాడు చేరడానికి గంట కూడా పట్టలేదు. అక్కడ నుంచి కాలవ గట్టు మీద మస్తాన్‌వలి గారి కొట్టం దాకా ఆటో వంద రూపాయలు. గుర్రాల సాయిబుగారింటికి అంటే చాలు, అడ్రసు అక్కర్లేదు. పెళ్లి బేరానికి వెళ్తున్నారా అని ఆటో అతను అడిగాడు. పిల్ల కోసమని చెప్పాను.

"ఆ ముసలిదానికి ఇంకా పిల్లేంటండీ," అని నవ్వాడు. నాకు ఆ మాట నచ్చక మిగతా దారంతా చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

రేష్మా వేపచెట్టు నీడన నిలబడి ఉంది. పెళ్లిలో చూసినప్పటికంటే ఒంటి మీద వెంట్రుక బాగా పెరిగి, ఉంగరాలు తిరిగి, గొర్రెబొచ్చులా ఒత్తుగా ఉంది. అంత ఎండలో చెమటతో డొక్కలు తడిసిపోయాయి. అయినా నా కంటికి ముచ్చటగానే కనిపించింది. పెళ్లివాళ్లకి ఈ బొచ్చంటే మహా ఇష్టమని, ఫొటోల్లో బాగా పడుతుందని మస్తాన్‌వలి గారు చెప్పారు. ఇరవై ఏళ్ల కిందట వాళ్ల నాన్నగారు రాజస్థాన్ వెళ్లి, ఏడాది పిల్లగా ఉన్నప్పుడు లారీలో తెచ్చారట. ఆయన పోయి చాలాకాలమైంది. చూలు కట్టాలని రేష్మాకి రోజూ ఉలవలతో పాటు తవుడు, బెల్లం కలిపి తన చేత్తో పెడుతున్నానని చెబుతుంటే మస్తాన్‌వలి గారి ముఖంలో ఆశ తెలుస్తూనే ఉంది.

డాక్టర్ శైలజ గారు పదింటికి వచ్చారు. కిందటి వారమే ఆవిడ రక్తం తీసి పై ఊరి ల్యాబుకి పంపారట, ఆ రిపోర్టు వెంట తెచ్చారు. ముందు స్కానింగ్ చేశారు. తర్వాత వెన్ను మీదా కళ్ల పైనా వేళ్లతో నొక్కి చూసి, రెండడుగులు నడిపించమన్నారు. రేష్మా ముందు కాళ్లు నేల మీద ఆనించడానికి వెనకాడుతూ నడిచింది. నీళ్లు ఎన్ని తాగుతోందని ఆవిడ అడిగితే, తొట్టి నింపినంతసేపు కూడా పట్టకుండా ఖాళీ చేసేస్తోందని, ఎండలకి అలా తాగుతోంది అనుకున్నామని మస్తాన్‌వలి గారు చెప్పారు. అప్పుడు ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పారు. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుందట. వయసు మీరిన గుర్రాల్లో కొన్నిటికి అది అదుపు తప్పి హార్మోన్లు ఎక్కువగా వదులుతుంది. వేసవి వచ్చినా బొచ్చు రాలకపోవడం, కండ కరిగిపోవడం, దాహం, గిట్టల నొప్పి అన్నీ దానివల్లే. ఎద సరిగ్గా రాకపోవడానికీ, గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ పదే పదే తిరగబెట్టడానికీ ఇదీ, వయసూ కారణం. బెల్లం గిట్టల నొప్పిని ఇంకా పెంచుతుందనీ ఆవిడే చెప్పారు. ఆ మాట వినగానే మస్తాన్‌వలి గారు తల దించుకున్నారు.

"మందుంది కదమ్మా?" అన్నారు.

"ఉందండీ. రోజూ ఒక మాత్ర, బతికున్నంత కాలం వెయ్యాలి. జబ్బు పోదు, అదుపులో ఉంటుంది. ఎద కూడా కుదుటపడచ్చు. కానీ గర్భసంచి లోపలి పొర బాగా పాడైంది. ఒకవేళ చూలు నిలిచినా పదకొండు నెలలు ఆ బరువు ఈ కాళ్ల మీదే మొయ్యాలి. నేనైతే దాటించమని చెప్పనండీ."

ఆయన నా వైపు చూశారు. పిల్ల లేకపోయినా ఫర్వాలేదండీ అన్నాను. ఆయనకి అది సరిపోయే ఓదార్పు కాదని నాకూ తెలుసు. ఆయన కొట్టం వెనక్కి వెళ్లి ఫోన్లో మాట్లాడారు. గుడివాడ వాళ్లు అప్పటికే వ్యాన్ ఎక్కించారట. క్షమించమని రెండుమూడుసార్లు అనడం వినిపించింది.

డాక్టరుగారు వెళ్లేముందు, ఈ ఎండలో ముందు బొచ్చు తీసేస్తే దానికి హాయిగా ఉంటుందన్నారు. మస్తాన్‌వలి గారే బొచ్చు కత్తిరించే మెషిన్ పట్టుకున్నారు. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. మెడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తుంటే కింద వెన్నెముక ఒక్కో పూస తేలి కనిపించింది. అంత ఒత్తయిన బొచ్చు కింద అంత బక్కచిక్కి ఉంటుందని మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు. ఆయన మెషిన్ ఆపి, చేత్తో ఆ వెన్ను నిమిరారు. రేష్మా ఆయన భుజం మీద మూతి ఆనించింది.

మధ్యాహ్నం ఆయన భార్య నూర్జహాన్ గారు దాల్చా, అన్నం పెట్టారు. ఆయన సరిగ్గా తినలేదు. రేష్మాకి అంతకు ముందు మూడు పిల్లలు పుట్టాయని, మూడూ ఆడవేనని అప్పుడు తెలిసింది. అవసరానికి ఒకటి, బేరం బాగుందని ఒకటి, పోషించడం కష్టమై ఒకటి అమ్మేశారు. కొన్నవాళ్లు మళ్లీ వేరేవాళ్లకి అమ్మారు. ఇప్పుడు ఎక్కడున్నాయో తెలీదు.

"ఇది ఉంది కదా, ఇంకోటి పుడుతుందిలే అనుకున్నాను మాస్టారూ," అన్నారాయన. "ప్రతిసారీ అదే అనుకున్నాను."

నూర్జహాన్ గారు ఆయన కంచంలో ఇంకొంచెం దాల్చా పోశారు.

సాయంత్రం ఆయనే బండి మీద కంకిపాడు బస్టాపులో దింపారు. రేష్మాని ఇక ఊరేగింపులకి పంపనని దారిలో చెప్పారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఏమీ చూడబుద్ధి కాలేదు. ఏడాదిగా ఆ కొట్టంలో అందరూ పుట్టబోయే పిల్ల గురించే ఆలోచించారు. నేనూ అంతే. పెళ్లిలో దాని నెమ్మది చూసి మెచ్చుకున్నానే గానీ, అప్పటికే దాని కాళ్లు నొప్పి పెడుతున్నాయేమోనన్న ఊహ కూడా రాలేదు. మొన్న ఫోన్ చేస్తే, మాత్ర పడ్డాక దాహం తగ్గిందని, నడక కాస్త నయమని చెప్పారు. ఆ మాటకి సంతోషించాను. ఆ మూడు పిల్లల్లో ఒక్కటైనా ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని చివర్లో ఆయన అడిగారు.

పెద్ద వయసు ఆడ గుర్రాన్ని దాటించే ఆలోచనతో మీరూ ఇటు వచ్చేట్టయితే ఒక్క సంగతి. మగ గుర్రాన్ని మాట్లాడుకునే ముందే హార్మోన్ రక్తపరీక్ష చేయించండి. ఆ పరీక్ష అన్నిచోట్లా చెయ్యరు, రక్తం వేడెక్కితే ఫలితం తప్పొస్తుంది. ఏ ల్యాబు తీసుకుంటుందో మీ డాక్టరుతో ముందే కనుక్కుని, ఐసు పెట్టె వెంట తీసుకెళ్లండి.